యాభై ఎనిమిది కిలోల మనిషి

ఐదు కిలోల ఇనుప తూకంరాయిని తువాలు మధ్యలో పెట్టి, దాని పక్కన రెండు కిలోలది పెట్టి, సాలోమోను తువాలును మడత మీద మడత వేసి నడుముకు చుట్టుకున్నాడు. మూడు ముళ్లు వేశాడు. మొదటి ముడి ఊపిరి బిగబట్టి వేయాలి. లేకపోతే నడిచేటప్పుడు రాయి జారి తుంటి ఎముక మీద కొడుతుంది. పోయిన వారం ఇసుక మూటతో సరిపోయింది. ఈ వారం ఇసుకతో అయ్యే పని కాదు. అంత ఇసుక కడితే అంగీ కింద కడుపులా కనబడుతుంది. కడుపు ఉన్న మనిషి కాదు సాలోమోను. ఇనుమైతే తక్కువ చోటులో ఇముడుతుంది.

గడప దగ్గర భార్య రత్నవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"గుడి గంట కొట్టిండ్రు. ఇనవడ్తలేదా?"

"ఇనవడ్డది."

"లిదియా ఒక్కతే పాటల పుస్తకం పట్టుకొని పాయె. మీ నాయిన ఏడి అని పాస్టరయ్య అడిగితే పోరి ఏం చెప్తది? జీపు ఎనుక కూసుండబోయిండని చెప్పాల్నా?"

"పై ఆదివారం ఒక్కటే ఉన్నది. అటెన్క గుడికి వస్త."

"మరి దవాఖానకు?"

సాలోమోను అంగీ గుండీలు పెట్టుకున్నాడు. దవాఖానలో తెమడ పరీక్షకు రమ్మని చీటీ రాసిచ్చి రెండు నెలలైంది. చీటీ బైబిలు అట్టలో ఉంది. పరీక్షలో ఆ రోగమే అని తేలితే గోదాముకు కావలి ఎవడు పెట్టుకుంటాడు?

ఆర్మూరు మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు పసుపు బస్తాలు మోసిన మనిషి అతను. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. మెడ వెనక చర్మం మడమలా గట్టిపడింది. అరచేతి గీతల్లో, గోళ్ల మూలల్లో పసుపు ఎంత కడిగినా పోదు. కొత్త అంగీ అయినా రెండు రోజులకు చంకల్లో పచ్చబడుతుంది. దగ్గితే మొదట్లో పసుపు దుమ్మే అనుకున్నాడు. ఈ సీజనులో, ఫిబ్రవరిలో, లారీకి వేసిన చెక్క మీద బస్తాతో సహా కూలబడ్డాడు. మరునాడు మేస్త్రీ జట్టులో అతని పేరు పిలవలేదు, అంతే.

యార్డు పది నిమిషాల దూరం. దారిలో మూడు చోట్ల ఆగాడు. నందిపేట్ ఆటోలవాడొకడు, "ఏం మామా, ఎక్కుతవా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఎక్కి దిగితే రాయి కదులుతుంది.

జూన్ మొదటి వారం. సరుకు అయిపోయి యార్డు ఖాళీగా ఉంది. నేల మాత్రం పచ్చగానే ఉంది. రేకుల షెడ్ల చుట్టూ జీపు చక్రాలు తిరిగి తిరిగి దారి పడింది. నాలుగు షెడ్లు చుట్టి, నీళ్ల తొట్టి దగ్గర ఒకసారి కుడికి, వెంటనే ఎడమకు మలుపు తీసుకుని, తూకం షెడ్డు ముందు సున్నపు గీత దాటితే ఒక చుట్టు. మార్కెట్ బందు ఉండే ఆదివారాల్లో, కమీషను మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం బాబురావు సేటు తన జీపును ఆ దారిలో తిప్పి టైము చూసుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అంకాపూర్ సీడు రైతులు కూడా ఒక జీపు తెచ్చి తిప్పారు. వాళ్లది ఒక నిమిషం ఇరవై ఐదు సెకన్లు. బాబురావుది ఎంత చేసినా ఇరవై ఏడు దగ్గర ఆగింది. ఆ రెండు సెకన్ల కోసం మనిషికి నిద్ర పట్టేది కాదు. వచ్చే ఆదివారం వాళ్లు మళ్లీ వస్తున్నారు.

అది ఒకప్పుడు పోలీసుల వేలంలో కొన్న పెట్రోలు జీపు. ఇప్పుడు టాపు లేదు, తలుపులు లేవు, వెనక సీట్లు లేవు, సైలెన్సరు లేదు. మెకానిక్ ధర్మయ్య ఇంజను హెడ్డును నిజామాబాదు తీసుకపోయి లేతు మీద గీకించి తెచ్చాడు. కార్బొరేటరులో జెట్టు మార్చాడు. వెనక కమాన్‌పట్టాల్లో ఒక్కో పట్టా తీసేశాడు. అన్నీ చేశాక జీపు వేగం అందుకుంది గాని, మలుపులో లోపలి చక్రం నేల విడిచి గాల్లో తిరగసాగింది. పసుపు బస్తా కట్టి చూశారు. మలుపులు రెండు దిక్కులా ఉన్నాయి. బస్తా ఒక దిక్కే ఉంటుంది. వంగదు. వంగే బరువు కావాలి. అట్లా సాలోమోనును ఎక్కించారు.

ఎడమకు మలుపైతే ఎడమకు, కుడికైతే కుడికి, వెనక కడ్డీ పట్టుకుని శరీరమంతా బయటికి వేలాడదీయాలి. ఎవరూ నేర్పలేదు. బస్తాతో చెక్క ఎక్కేవాడు చెక్క ఊగకముందే ఒరగాలి, ఊగాక ఒరిగితే పడతాడు. అదే విద్య.

ధర్మయ్యది ఒకటే పట్టుదల. వారానికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. లేకపోతే దేనివల్ల టైము తగ్గిందో తెలియదు. అందుకని పెట్రోలు కొలిచి పోస్తాడు. మనిషినీ తూస్తాడు. తూకం షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి పెట్టాడు: మనిషి 58.

"అంకాపూరోళ్లను కొట్టినమంటే నిన్ను గోదాం కావలి పెట్టుకుంట. కుర్సీ ఏసుకొని కూసో, అంతే," అని బాబురావు ఉగాది నాడు అన్నాడు. ఆ మాట సాలోమోను రత్నవ్వకు కూడా చెప్పలేదు. చేతికి వచ్చాక చెప్పాలనుకున్నాడు.

తూకందారు హనుమాన్లు పెద్ద త్రాసు గొలుసులు సరిచేసి, పెట్టెలోని రాళ్లు బయట పెడుతున్నాడు. రెండోసారి లెక్క చూసుకున్నాడు.

"ఐదు లేదు. రెండు లేదు. నిన్న పొద్దుగాల లెక్క జూసినప్పుడు ఉన్నయ్."

సాలోమోను త్రాసు తట్ట మీద గొంతుకూర్చున్నాడు. నిన్న షెడ్డు ఊడ్చింది తనే.

"రాళ్లు నడిచిపోయినయా ఏంది?" అని బాబురావు నవ్వాడు. "తొందరగా కానియ్ హనుమాన్లూ, ఎండ ఎక్కుతున్నది."

హనుమాన్లు అవతలి తట్టలో మూడు ఇరవైలు పెట్టాడు. ఇవతల, సాలోమోను పాదాల పక్కన, ఒక కిలోవి రెండు పెట్టాడు. ముల్లు నిలబడింది. తట్ట ఊగకుండా హనుమాన్లు అతని నడుము మీద చెయ్యి ఆనించాడు. చెయ్యి అక్కడే కొంచెంసేపు ఆగింది. తర్వాత తీసేశాడు. సాలోమోను కళ్లు ఎత్తలేదు.

"యాభై ఎనిమిది," అన్నాడు హనుమాన్లు. "సరిగ్గున్నది."

బాబురావు స్టీరింగు పట్టాడు. హనుమాన్లు మెడలో స్టాపువాచీ వేసుకుని గీత దగ్గర నిలబడ్డాడు. చుట్లు కూడా బస్తాలు లెక్కపెట్టినట్టే లెక్కపెడతాడు. ఒకటి అనడు.

"లాభం!" అని అరిచాడు మొదటి చుట్టుకు. "రెండు! మూడు!"

రెండో చుట్టు ఒక నిమిషం ముప్పై ఒకటి. మూడోది ముప్పై. బాబురావు జీపు ఆపి, తలపాగా విప్పి బానెట్టు మీద కొట్టాడు.

"పోయిన వారంకన్న మూడు సెకన్లు ఎక్కువనా? ఏం జేసినవ్ ధర్మయ్యా?"

"ఏం జేయలే. బండి మంచిగనే గుంజుతున్నది." ధర్మయ్య నీళ్ల తొట్టి దగ్గర చక్రాల జాడ చూసి వచ్చాడు. "ఈనె ఆలస్యంగ ఒరుగుతున్నడు. గీడ సూడు, చక్రం లేసింది."

"బరువు సరిగ్గనే ఉన్నదంటివి గదా?"

"బరువు గురించి కాదు సేటు. ఒరుగుడు. మనిషి బస్తా లెక్క కూసున్నడు."

సాలోమోనుకు తెలుసు. తల, భుజం ముందే పోతున్నాయి. నడుము దగ్గరి ఇనుము రానంటోంది. అది వచ్చేసరికి మలుపు అయిపోతోంది.

"హమాలీ మల్లయ్యకు కబురు పంపుత," అన్నాడు బాబురావు. "వాడు అరవై కిలోలు దాటుతడు గని, మెత్తగ ఒరుగుతడు. సాలోమోనూ, నువ్వు ఇంటికి పో. ఎండల ఎందుకు?"

సాలోమోను వెనక కడ్డీ వదల్లేదు.

"ఇంకొక్క చుట్టు, సేటూ."

"ఇంకొక్క చుట్టు తిరిగితే వయసు తగ్గుతదా?"

"ఒక్కటే. అటెన్క నువ్వు చెప్పినట్టే."

బాబురావు ధర్మయ్య వైపు చూశాడు. ధర్మయ్య రేడియేటరు మూత మీద తడిగుడ్డ వేస్తున్నాడు. "ఇంజను జర సల్లవడనియ్. తిప్పుదాం, పోయేదేమున్నది," అన్నాడు.

"ఒంటికి పోయొస్త," అని చెప్పి సాలోమోను తూకం షెడ్డు వెనక్కి నడిచాడు. గోడకు ఆనుకుని ముళ్లు విప్పాడు. మూడో ముడి చెమటకు బిగిసిపోయింది. పళ్లతో లాగాడు. నడుము చుట్టూ చర్మం ఎర్రగా కమిలి ఉంది. తువాలును ఇనుముతో సహా చుట్టి పునాది మూలలో పెట్టాడు. నిటారుగా నిలబడితే కాళ్ల కింద నేల లేనట్టు అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు అంగీ వదులుగా ఊగింది. హనుమాన్లు చూశాడు. తూద్దామని ఎవరూ అనకముందే గీత దగ్గరికి పోయి నిలబడ్డాడు.

గీత మీదుగా ఒక చుట్టు ఊపు కోసం పోయింది. రెండోదానికి హనుమాన్లు వాచీ నొక్కాడు.

మొదటి షెడ్డు మూల రాకముందే సాలోమోను ఎడమకు ఒరిగాడు. వీపు నేలకు జానెడు దూరంలో పోయింది. పచ్చటి దుమ్ము నోట్లోకి, కళ్లల్లోకి కొట్టింది. ఊపిరి తీయలేదు. బస్తా ఎత్తేటప్పుడు తీసుకున్న ఊపిరి దించేదాకా విడవకూడదు. రెండో మూల, మూడో మూల. చక్రాలు నాలుగూ నేలను పట్టుకున్నాయి. బాబురావు కాలు ఎత్తలేదు. నీళ్ల తొట్టి దగ్గర సాలోమోను కుడికి పడి, అదే ఊపులో ఎడమకు లేచాడు. యాభై రెండేళ్ల మనిషి కాదు అప్పుడు. చెక్క మీద పరుగెత్తే పాతికేళ్ల హమాలీ. ఏదో ఎముక లోపల టక్కుమంది. కడ్డీ విడవలేదు.

హనుమాన్లు వాచీ నొక్కి, దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎంత? ఎంతనే?"

"ఒక నిమిషం ఇరవై మూడు."

బాబురావు జీపు లోంచి దూకి ధర్మయ్యను ఎత్తుకున్నంత పని చేశాడు. "ఇరవై మూడా! ఇగ రానీ అంకాపూరోళ్లను! సాలోమోనూ, గోదాం తాళంచెవి నీదేరా. మల్లయ్య గిల్లయ్య ఎవ్వడొద్దు. పై ఆదివారం గిట్లనే ఒరుగు, అంతే."

ధర్మయ్య నవ్వలేదు. జీపు చుట్టూ తిరిగాడు. "నేనేం మార్చలే సేటు. ఏదో మారింది. అది తెల్వకపోతే పై ఆదివారం మళ్ల ముప్పై వస్తది. మనిషిని తూద్దాం పా."

సాలోమోను అప్పటికే దిగి, కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతి వెనకవైపుతో మూతి తుడుచుకున్నాడు. చేతి మీద పసుపు, దాని మీద ఎరుపు. చేతిని లుంగీకి రాసుకున్నాడు.

"జరసేపు కూసుంట ధర్మన్నా. దమ్ము తీసుకున్నంక తూద్దురు."

"కూసో, కూసో," అన్నాడు బాబురావు. "నీళ్లు తాగు."

తూకం షెడ్డు నీడలో అరుగు ఉంది. సాలోమోను దానికి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఎదురుగా తలుపు మీద సుద్ద రాత. దూరంగా గుడిలో ఆఖరి పాట అందుకున్నారు. లిదియా గొంతు అందులో ఉందేమోనని చెవి పెట్టాడు. రత్నవ్వకు ఇప్పుడు చెప్పొచ్చు, కుర్చీ సంగతి. తాళంచెవి సంగతి. కాని తూకం ఉంది. యాభై ఒకటి అని తేలాక ఏం చెప్పాలి? ఏదైనా చెప్పాలి. ఆలోచించాలి. కుడి భుజం ఎప్పటిలాగే కిందికి దిగింది. తల కూడా ఆ వైపే వాలింది.

ఇంజను మీద నీళ్లు పోసి, జెట్టు ఊడదీసి చూసి, మళ్లీ బిగించేసరికి అరగంట పట్టింది. హనుమాన్లు పిలవడానికి వచ్చాడు.

"సాలోమోనూ." భుజం తట్టాడు. "అన్నా."

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత కూర్చుండిపోయి, రెండు చేతులతో ఆ తల నిటారుగా పట్టుకున్నాడు.

ఇంటికి అదే జీపులో తీసుకపోయారు. వెనక అతను కూర్చునే చోటే పడుకోబెట్టారు. ధర్మయ్య నడిపాడు. బాబురావు వెనక అతని పక్కన కూర్చుని కాళ్లు పట్టుకున్నాడు. సైలెన్సరు లేని బండి అయినా యార్డు గేటు దాటేదాకా చప్పుడు రానంత నెమ్మదిగా పోయింది. ఎవరూ తూకం మాట ఎత్తలేదు.

హనుమాన్లు తాళం వేయడానికి ఉండిపోయాడు. రాళ్లు పెట్టెలో పెట్టి లెక్క చూశాడు. షెడ్డు వెనక్కి నడిచాడు. పునాది మూలలో చూడగానే ఆగాడు, వెతకనక్కర లేకపోయింది. తువాలు విప్పలేదు. చెమట తడి ఇంకా ఆరలేదు. ఒక అంచున పళ్లతో లాగిన చోట దారం ఊడి ఉంది. చేతుల మీద తెచ్చి, పొద్దున మనిషి కూర్చున్న తట్టలో దించాడు. తట్ట నేలకు ఆనింది. అవతల ఖాళీ తట్ట పైకి లేచి, గొలుసులతో చాలాసేపు ఊగుతూనే ఉంది.