కమిట్ చెయ్యని ఇరవై వరసలు

"పరీక్ష రెండింటికేగా, పొద్దున్నంతా ఖాళీయే కదా నీకు," అన్నారు మావారు, ఇస్త్రీ చెయ్యమని ఆరు చొక్కాలు మంచం మీద వేసి. ఆ రోజు ఆయనకు సెలవు. నేను ఖాళీగానే చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఖాళీగానే అత్తయ్య మోకాళ్ళకు కాపడం పెట్టాను, పిల్లదాని యూనిఫాం ఉతికాను. పాఠం పెదాల మీదే నడిచింది. మధ్యలో పోయిన సెమిస్టరు పాఠమొకటి గుర్తొచ్చింది. ప్రాసెసర్ ఒక పనిలో ఉండగా ఇంకో పిలుపు వస్తే, ఆగిన చోటు రాసిపెట్టుకుని వెళ్తుంది. తిరిగొచ్చి అక్కడి నుంచే అందుకుంటుంది. దానికి ఆ చోటు రాసుకునే వ్యవధి ఎవరో ఇచ్చారు. ముప్పై తొమ్మిదేళ్ళకు డిగ్రీలో చేరిన నాకు ఈ డేటాబేస్ ప్రాక్టికల్ రెండోసారి. ఇదీ తప్పితే కాలేజీ నా పేరు కొట్టేస్తుంది. మావారు అంతదాకా ఆగరు. "ఈసారీ పోతే ఇక పుస్తకాలు అటకెక్కించు. నలుగురిలో నవ్వులపాలు కాకు," అన్నారు, కోపంగా కూడా కాదు, టీ తాగుతూ.

ల్యాబ్‌లో అందరూ నన్ను పిన్ని అంటారు. "పిన్నీ, చేతులు వణుకుతున్నాయేంటి?" అంది పక్క కుర్చీ అమ్మాయి.

"ఇస్త్రీ పెట్టె బరువమ్మా."

నవ్వింది. ప్రశ్న తేలికే. లైబ్రరీ పుస్తకాలకు మూడు పట్టికలు తయారుచేసి, ఇరవై వరసల వివరాలు ఎక్కించి, అడిగిన జవాబులు రాబట్టాలి. నలభై నిమిషాల్లో ఇరవై వరసలూ ఎక్కించాను. అప్పుడే అటెండరు తలుపు దగ్గరికొచ్చాడు. ఫోన్లన్నీ అతని బల్ల మీదే పెట్టాలి. "అమ్మా, మీ ఇంటి నుంచి ఇది తొమ్మిదోసారి. ఎవరికేమైందో."

ఫోన్ దగ్గరికి పరిగెత్తాను.

"వాషింగ్ మెషిన్ ఆగట్లేదు, ఎక్కడ నొక్కాలి?" అన్నారు మావారు. వెనక నుంచి అత్తయ్య, "వేణ్ణీళ్ళ సంచీ ఎక్కడ పెట్టిందో అడగరా." ఇద్దరికీ చెప్పాను, రెండేసి సార్లు.

తిరిగొచ్చేసరికి తెర మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే ఇక్కడ కనెక్షన్ తెగిపోతుంది. తెరిచి చూస్తే పట్టికలున్నాయి, వరస ఒక్కటీ లేదు. కమిట్ అని ఒక్క మాట కొట్టి ఉంటే నిలిచేవి. అన్నీ సరిచూసుకుని చివర్లో కొడదామనుకున్నాను. అందరూ తిన్నాక తినే అలవాటు ఇక్కడికీ వెంట వచ్చింది.

వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు నా వెనక నిలబడ్డారు. "పట్టికలుండి వరసలే ఎందుకు పోయాయమ్మా?"

తెర చూపిస్తూ చెప్పాను. పట్టిక తయారవగానే దానంతటదే ఖాయమవుతుంది సార్, వరసలు మనం ఖాయం చెయ్యాలి, ఈలోపు కనెక్షన్ తెగితే డేటాబేస్ వాటిని రద్దు చేసేస్తుంది.

ఆయన కాగితం మీద రాసుకున్నారు. "వైవాలో అడగబోయేది ఇదే. ఆ మార్కులు వేసేశాను. మిగతావి మీరే తెచ్చుకోవాలి. ఇంకా ముప్పై ఐదు నిమిషాలున్నాయి." నా తెర మీద ఎండ పడకుండా కర్టెన్ లాగి వెళ్ళారు.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో వరసకీ కమిట్ కొట్టాను. పదకొండో వరస దగ్గర అటెండరు మళ్ళీ వచ్చాడు. "అమ్మా, సారు లైన్లోనే ఉన్నారు. మెషిన్‌లోంచి నీళ్ళు కారి గదంతా నిండుతున్నాయంట. ఏం చెప్పమంటారు?"

కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను.

"తుడవమని చెప్పండి," అన్నాను, పన్నెండో వరస కొడుతూ.