దొండపందిరికి గొయ్యి

నాకు దొండకాయ కూర గిట్టదు. ఆ సంగతి మా ఆవిడ చిన్నతల్లికి తెలుసు. తెలిసీ పెరట్లో దొండపాదు పెట్టింది. ఏ పనీ నన్ను అడిగి చేసింది లేదు. పోవడం కూడా అలాగే పోయింది.

పాదు మాత్రం ఉండిపోయింది. మొదలు నా పిక్కంత లావయింది. పందిరికి సరుగుడు కర్రలు. ఏటా చెద తింటుంది, ఏటా నేను మారుస్తాను. ఈసారి వానలకు పందిరి మొత్తం గోడ మీదికి ఒరిగిపోయింది.

చోడవరంలో సలహాలకు లోటు లేదు. తాపీ మేస్త్రి పరదేశి మా వీధివాడే. పిలవకుండా వచ్చి పెరడంతా కొలిచాడు.

"నాలుగు మూలలా నాలుగు గోతులు బాబూ. కాంక్రీటు ఫుటింగు ఏసి, దాని మీద ఇనప గొట్టాలు. మీ మనవలు కూడా సూసుకోవాల."

"నాకు మనవలు లేరు. గొయ్యి తవ్వితే వేళ్ళు తెగుతాయి."

"తెగితే ఏటయిపోద్ది? దొండే కదేటి. ఓ కొమ్మ ఇరిసి గుచ్చితే మళ్ళీ వచ్చేస్తాది."

"అది నువ్వు గుచ్చిన పాదవుద్ది. ఇది ఆవిడ గుచ్చింది."

వాడికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఉద్దేశం కూడా కనిపించలేదు.

మా చెల్లెలు దుర్గాదేవిది పక్కిల్లే. దాని కొడుకు బాలు పొలాల్లో సోలార్ పలకలు బిగించే పని చేస్తాడు. సంగతి విని బండి మీద నాలుగు ఇనుప గొట్టాలు తెచ్చాడు. ఒక్కొక్కటీ నా నడుమెత్తు ఉంది. కింది కొస మొనదేలి, దాని చుట్టూ వెడల్పాటి మరలు.

"గ్రౌండ్ స్క్రూలు మావా. గొయ్యి అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు. సెక్కలోకి స్క్రూ తిప్పినట్టు నేలలోకి తిప్పడవే."

"గాలొస్తే?"

"తవ్వని మట్టి దాన్ని గట్టిగా పట్టుకుంటాది. మేం ఏకంగా పలకలే నిలబెడతన్నాం, పందిరెంత? వద్దనుకుంటే ఎనక్కి తిప్పి తీసీడవే."

మాట తక్కువ, పని ఎక్కువ. ఆ ఇంట్లో వాడొక్కడే అలా పుట్టాడు.

రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. మూలమూలకీ సన్న చువ్వ గుచ్చి చూసుకున్నాం. వేరు తగిలిన చోటు వదిలేసి పక్కకి జరిగాం. గొట్టం పైనున్న బెజ్జంలో గునపం దూర్చి, చెరో పక్కా పట్టుకుని, గానుగకి కట్టిన ఎడ్లలా తిరిగాం. స్క్రూ మెల్లమెల్లగా దిగింది. ఒక్క వేరు తెగలేదు. ఆఖరిదాన్ని పట్టుకుని బలమంతా పెట్టి ఊపాను. కదల్లేదు. చాలాకాలానికి ఒక పని నాకు నచ్చింది.

"ఏటి బాబూ, సీసా బిరడా తీస్తన్నారా?" అని గోడ మీంచి పరదేశి ఇకిలించాడు.

దుర్గ పళ్ళెంలో పసుపు, కుంకుమ, నవధాన్యాలు పట్టుకొచ్చింది. నేలకేసి చూసి నిలబడిపోయింది.

"గొయ్యేది అన్నియ్యా?"

"లేదు."

"గొయ్యి నేకపోతే ఇయ్యెక్కడ ఎయ్యాల?"

"నీ నెత్తినేసుకో."

"వొదిన పాదు అన్నియ్యా. గోతిలో పసుపు పడకుండా నిలబెడితే ఇంటికి కీడు."

"ఒసే, ఇంకా ఏటి మిగిలిందని కీడు?"

పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా తెలివి అంతే.

పందిరి పైకి కావలసిన గొట్టాలు మర్నాడు సాయంత్రం తెస్తానన్నాడు బాలు. ఆ పగలు నేను దేవరాపల్లిలో ఒకరి దినానికి వెళ్ళాను. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పెరటి తలుపు బార్లా తీసి ఉంది. నాలుగు స్క్రూల చుట్టూ నాలుగు గోతులు, వాటి నిండా పచ్చి కాంక్రీటు. పక్కన మట్టికుప్ప. పరదేశి తట్ట కడుగుతున్నాడు. దుర్గ చేతులకు పసుపు.

"డబ్బులొద్దు బాబూ," అన్నాడు పరదేశి. "అమ్మగారు నాకెన్నిసార్లు సద్దన్నం ఎట్టేరో. ఆ తల్లి పేరున సేసేను. ఉత్తి గొట్టాల మీద పందిరేటని ఈది ఈదంతా నవ్వుతన్నారు."

"గోతిలో పసుపు పడింది అన్నియ్యా. ఇంక బెంగ నేదు," అంది దుర్గ.

నేను మట్టికుప్ప దగ్గర కూర్చున్నాను. అందులో వేలెడు లావు వేరుముక్కలు. తెగినచోట ఇంకా తడి ఆరలేదు. ఒకటి తీసి పరదేశికి చూపించాను.

"ఇదేటి?"

"ఏరు బాబూ."

"సిమెంటు తియ్యి."

"సెట్టయిపోతంది బాబూ!"

"అయ్యేలోగా తియ్యి."

"ఉత్తినే సేసిన పని ఉత్తినే తీసీమంటారేటి?"

"సెయ్యమని ఎవడు సెప్పేడు?"

వాడు దుర్గ వైపు చూశాడు. దుర్గ పళ్ళెం వైపు చూసింది.

కూలి తీసుకుని పాడుచేసినవాణ్ణి తిట్టడం సుళువు. అభిమానంతో పాడుచేసినవాడు మన చేత తిట్లు తింటూ మనకేసి జాలిగా చూస్తాడు. అది నాకు మరీ ఒళ్ళుమంట.

ఇంతలో బాలు గొట్టాలతో వచ్చాడు. ఒక స్క్రూ పట్టుకుని కదిపాడు. ఊడబోయే పన్నులా ఊగింది.

"అమ్మా, దీన్ని పట్టుకున్నదే ఆ మట్టి. దాన్నే తవ్వించీసేవు."

"నాను వొదిన కోసవే సేసేను రా," అని దుర్గ ఏడుపు లంకించుకుంది. ఎవరూ ఊరుకోబెట్టలేదు.

పచ్చి కాంక్రీటు పారలతో ఎత్తి వీధిలో పోశాం. పరదేశి గొణుగుతూనే ఎత్తాడు. గోతుల అడుగు మట్టి కూడా తోడి గోడవార వేశాం, మిగిలిన వేళ్ళకి సిమెంటు నీళ్ళు తగలకూడదని. స్క్రూలు తీసి, కడిగి, ఒక అడుగు అవతల తవ్వని నేలలో మళ్ళీ తిప్పి దింపాం. పందిరి అనుకున్నదానికంటే పెద్దదయింది. పాదు చిన్నదయింది.

వారం తిరక్కుండా తీగలన్నీ ఎండాయి. వచ్చినవాళ్ళంతా కొమ్మ గుచ్చమన్నారు. గుచ్చలేదు. రోజూ మొదట్లో చెంబుడు నీళ్ళు పోసి ఊరుకున్నాను. ఖాళీ పందిరి చూసి వీధి ఇంకోసారి నవ్వింది. నవ్వనీ.

ఒక పొద్దున మొదట్లో గోరంత పచ్చ కనిపించింది. తీగ సాగాక పురికొసతో ఇనుప గొట్టానికి కట్టాను. ఎగబాకింది. గాలివాన వచ్చి పక్కింటి రేకు లేచిపోయిన రోజు కూడా గొట్టం కదల్లేదు.

కాయ కాసింది. కోసి వండుకున్నాను. ఇప్పటికీ గిట్టదు. గిన్నె ఖాళీ చేశాను.

మర్నాడు దుర్గ గోడ మీంచి గిన్నె చాపింది.

"పాదు బతికింది కదా అన్నియ్యా. అంతా ఆ పసుపు సలవే. ఓ నాలుగు కాయలు ఇలా ఎయ్యి."

గోడవార మట్టికుప్ప వైపు చూపించాను. ఆ రోజు గోతుల్లో దుర్గ పోసిన నవధాన్యాలు, మట్టితో పాటు అక్కడ పడి, వానకి మొలిచి మోకాలెత్తు లేచాయి. పెసర, మినుము, కంది, అన్నీ కలగాపులగంగా.

"నీ పంట అక్కడుంది," అన్నాను. "కోసుకో."