నంబరు అడగని గ్రూపు

సూపర్‌వైజర్ నడుముకు ఎప్పుడూ ఒక తాళంచెవి వేలాడుతుండేది. అది బీరువాదీ కాదు, గోదాముదీ కాదు, ఆడవాళ్ళ మరుగుదొడ్డిది. ముప్పైమంది చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఎవరికి అవసరమొచ్చినా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆయన గడియారం చూసి, ముఖం చూసి, మూడు నిమిషాలని చెప్పి ఇచ్చేవాడు. అంత పెద్దమనిషి!

పోయిన నెల కాలర్లు కుట్టే అమ్మాయి ఫోన్లో ఒక గ్రూపు పెట్టి, ఆ తాళం తీయించేదాకా మెషిన్లు ఆపేద్దామని రాసింది. ఎవరి ఫోనో ఆయన కంటబడింది. అందులో అందరి నంబర్లూ బారులు తీరి ఉన్నాయి. హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. సాయంత్రానికి ఆ అమ్మాయి ఉద్యోగం ఊడింది.

ఆ అమ్మాయికి సొంత అక్క కాజాలక్క. కాజాలు కుడుతుంది కనుక షెడ్డంతా అలాగే పిలుస్తారు. ఆ రోజు తను నోరెత్తలేదని ఆమె తనను తానే తిట్టుకుంటోంది. చెల్లి మాత్రం ఇంట్లో ఊరికే కూర్చునే రకం కాదు.

"అక్కా, ఈ యాప్ చూడు. నంబరు అడగదు, పేరు మనిష్టం. ఎదురెదురుగా నిలబడి ఒకరి ఫోన్లో గళ్ళబొమ్మని ఇంకొకరు స్కాన్ చేసుకోవాలి, అంతే. మనం రాసింది మధ్యలో ఎవ్వరూ చదవలేరు."

"ఫోనే లాక్కుంటే?"

"లాక్కోనీ. అందులో ఎవరు ఎవరో ఉంటేగా!"

షెడ్డులో చొక్కా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళినట్టే గ్రూపూ వెళ్ళింది. కాజాలక్క తన పక్క మెషిన్ ఆమెను చేర్చింది, ఆమె తన పక్కామెను. పేర్లు పనిని బట్టే పెట్టుకున్నారు: కఫ్, జేబు, గుండీ, రెండో జేబు. వారం తిరిగేసరికి ఇరవై తొమ్మిది మందీ చేరారు.

లారీ ఎక్కాల్సిన ఆర్డరు ఉన్న రోజు, పదకొండింటికి ఫోన్లన్నీ ఒక్కసారి వణికాయి. "ఆపండి" అని వచ్చింది. మెషిన్లన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి యజమాని మేడ దిగి వచ్చాడు.

సూపర్‌వైజర్ కాజాలక్క చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. గ్రూపంతా గాలించాడు. కఫ్, జేబు, గుండీ లాంటి పేర్లు తప్ప ఒక్క నంబరూ దొరకలేదు. హాజరు పుస్తకం చంకలోనే ఉండిపోయింది.

"ఆపమన్నది కాలరట! ఎవత్తే ఆ కాలరు? ఇప్పుడే పనిలోంచి తీసేస్తా!"

కాజాలక్క లేచి నిలబడి ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

"తీసేశారుగా సార్, పోయిన నెలే."

ముందు జేబు నవ్వింది, తర్వాత కఫ్, ఆ తర్వాత షెడ్డంతా ఘొల్లుమంది. యజమానికి నవ్వు రాలేదు, లారీ గుర్తొచ్చింది.

"ఏం కావాలమ్మా మీకు?"

"ఆ తాళంచెవి సార్. గోడకి మేకు కొట్టి అక్కడ పెట్టించండి. మా చెల్లిని ఆ కుర్చీలో కూర్చోబెట్టండి."

సూపర్‌వైజరే మేకు కొట్టాడు. రెండుసార్లు వేలిమీద కొట్టుకున్నాడు కూడా. కాజాలక్క తన ఫోన్ తీసుకుని, "రేపట్నుంచి డ్యూటీకి రావే" అని రాసింది. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, ఎవరినీ అడక్కుండా గోడ దగ్గరికెళ్ళి తాళంచెవి తీసుకుంది.