చేతితో తొక్కే బ్రేకు

ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన మనిషి ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో దర్జీ పని చేసే ఆయన భార్యను అడగాలి. షుగరు ముదిరి ఆమె భర్తకు కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఎడమ పాదానికి స్పర్శ సగమే మిగిలింది. ఆరు నెలలుగా ఆయన కిటికీ పక్కన చేరి వీధిలో పోయే ప్రతి డ్రైవరునీ తిట్టిపోస్తున్నాడు. "మలుపులో బ్రేకేమిట్రా, నీ మొహం!" అని ఆయన అరిచినప్పుడల్లా మిషను మీద ఆమె కుట్టు వంకర పోయేది.

ఒకరోజు ఆమె తమ్ముడు తన పాత కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. గేర్లు మార్చే పని లేని కారు.

"బావా, నువ్వు పక్కన కూర్చో, అక్క నడుపుతుంది."

"మీ అక్క నడిపితే ఉన్న ఒక్క కాలూ పోతుంది" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. కారు చుట్టూ కర్రలతో ఒక చుట్టు తిరిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ చెయ్యి ఆనించడం ఆమె చూసింది. ఇక ఆమెకు నిద్ర పట్టలేదు. కాళ్లు పనిచేయనివాళ్లు స్టీరింగు కింద లీవరు బిగించుకుని నడుపుతారని ఎక్కడో విన్నది. వాకబు చేస్తే, ఆ కారుకు సరిపడే సామాను ఎక్కడా దొరకదన్నారు. మెకానిక్కుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఒకడు "బ్రేకుతో ఆటలా అమ్మా?" అన్నాడు. ఇంకొకడు వచ్చే వారం, వచ్చే వారం అంటూ నెల గడిపాడు. పోనీ మనమే చేద్దామని తమ్ముడితో కలిసి అపార్ట్‌మెంటు సెల్లారులో పానాలు పరిచిందో లేదో, సెక్రటరీ దిగొచ్చి నూనె మరకల మీద అరగంట ఉపన్యాసం దంచాడు.

దారి మరోవైపు నుంచి తెరుచుకుంది. వృత్తి శిక్షణ పాఠశాలకు ఆమె ఏప్రాన్లు కుట్టేది. ఆ మూట దించడానికి వెళ్లి వర్క్‌షాపు గుమ్మంలో ఆగిపోయింది. వరసగా బల్లలు, గోడకు కొలతల ప్రకారం వేలాడే పనిముట్లు. నేల మీద వెతికినా ఒక్క మరక లేదు. మధ్యలో పొట్టిగా ఒకావిడ, కళ్లద్దాలు నుదుటికి ఎక్కించుకుని, విద్యార్థులకు వీపు పెట్టి నిలబడి ఉంది. వెనక్కి తిరగకుండానే అంది:

"నాలుగో బల్ల! ఆకురాయి అడ్డంగా పోతోంది. చేతి మాట కాదు, ఇనుము మాట విను."

నాలుగో బల్లవాడు నాలిక్కరుచుకున్నాడు. దర్జీ కూడా చెవి ఒగ్గి విన్నది. దారం బిగువు తప్పితే మిషను చప్పుడులోనే తనకు తెలిసిపోతుంది. ఈవిడకు ఇనుము అలా తెలుసు! ఆవిణ్ణి పిల్లలు రంపం మేడం అంటారని తర్వాత తెలిసింది.

అడిగితే పోయేదేముందని అడిగేసింది. రంపం మేడం ఆసాంతం విన్నది.

"ఆదివారం షెడ్డు ఖాళీయే. ప్రిన్సిపాలుతో నేను మాట్లాడతా. కానీ నేను చేసిపెట్టను. చేసేది నువ్వే. నేను పక్కనుంటా."

"నాకు సూది తప్ప ఏం తెలుసు మేడం?"

"కొలత తెలుసుగా."

మొదటి ఆదివారం దర్జీ సీటు కిందికి దూరి, టేపు నోట కరుచుకుని, అట్టముక్కల మీద లీవరు నమూనా కత్తిరించింది. చొక్కా భాగాల్లా గుర్తులు పెట్టింది. మేడం ఆ అట్టల్ని తిప్పి తిప్పి చూసి, "మా రెండో సంవత్సరం పిల్లలకు ఇది రాదు" అంది. ఆ తర్వాత కోత, బెజ్జం, ఆకురాయి. ముందుకు తోస్తే బ్రేకు పడాలి, కిందికి నొక్కితే బండి కదలాలి. పెడల్‌కు వెల్డింగు పెట్టనివ్వలేదు మేడం. "వేడికి ఇనుము గుణం మారుతుంది. బోల్టులతో పట్టు బిగిద్దాం" అంది. దర్జీ అరచేతులు బొబ్బలెక్కాయి. బ్లౌజులకు హుక్కులు కుట్టడానికి పక్కింటి ఆవిడను బతిమాలుకోవాల్సి వచ్చింది.

ఐదో ఆదివారం లీవరు బిగించారు. చక్రాలు గాల్లోకి లేపి, మేడం స్టీరింగు పూర్తిగా తిప్పి, బ్రేకు తోసింది. లీవరు కొస స్టీరింగు చక్రానికి టక్కున తగిలింది.

"రోడ్డు మీద ఇది ఒక్కసారి తగిలితే చాలు" అని లీవరు ఊడదీసి బల్ల మీద పెట్టేసింది. తర్వాత అడిగింది: "కొలతలు ఎవరివి తీశావు?"

"కారువి."

"నడిపేది కారా? మనిషి లేకుండా జాకెట్టు కుడతావా అమ్మాయ్?"

దర్జీ చేసిందంతా భర్తకు చెప్పకుండానే చేసింది, ఆశ పెట్టి ఉసూరుమనిపించకూడదని. ఆ సాయంత్రం ఉన్నదంతా చెప్పింది.

"నా మీద ప్రయోగాలా?" అని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"అక్కడ ఒకావిడ బ్రేకు సంగతి తనకే తెలుసంటోందండీ."

"ఎవరావిడ?"

మరుసటి ఆదివారం అందరికంటే ముందు తయారై కూర్చున్నది ఆయనే.

షెడ్డులో కారు సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. చెయ్యి దానంతటదే ఒకచోటికి వెళ్లి ఆగింది. "ఇక్కడ. రెండు వేళ్లు కిందికి." తర్వాత నెమ్మదిగా అన్నాడు: "బ్రేకంటే తొక్కడం కాదు మేడం, అడగడం. మొదటి అంగుళంలో బండి జవాబు చెబుతుంది. బస్సులో నిలబడ్డ ముసలావిడ తూలకూడదు కదా. మీ లీవరు ఆ అంగుళం దాకా మెత్తగా ఉండాలి."

రంపం మేడం కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకుంది. "ఇంకోసారి చెప్పండి" అంది, విద్యార్థిలా. దర్జీ ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంత తెలిసిన మనిషిని కిటికీకి అప్పగించి ఊరుకున్నందుకు తనను తాను తిట్టుకుంది.

"ఊడదీసి కుట్టడం నాకు కొత్తా!" అని దర్జీ రంపం చేతిలోకి తీసుకుంది.

ఇంకో మూడు ఆదివారాలు పట్టింది. ఆపైన నెలన్నర పాఠశాల మైదానంలో సాధన. రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు టార్చితో సీటు కింద దూరి ప్రతి బోల్టూ లాగి చూశాడు. ముప్పావు గంట రోడ్డు మీద నడిపించాడు. దిగాక చేతులు దులుపుకుంటూ, "ఏ వర్క్‌షాపులో చేయించారు?" అన్నాడు.

"మా ఇంటావిడ చేసిందండి" అన్నాడు డ్రైవరు, ఛాతీ విరుచుకుని. "బట్టలు కుడుతుంది."

ఇన్‌స్పెక్టరు ఆమె చేతుల వంక చూశాడు. ముద్ర వేసి, కాగితాలు ఆయనకు కాకుండా ఆమెకు అందించాడు.

తిరుగు దారిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. డ్రైవరు ఎవర్నీ తిట్టడం లేదు. ఒక సిగ్నలు దగ్గర కారు ఎప్పుడు ఆగిందో తెలియనంత మెత్తగా ఆగింది. "చూశావా, ఆ అంగుళం!" అని గర్వంగా పక్కకు తిరిగాడు.

ఆమె తల వాల్చి ఆదమరిచి నిద్రపోతోంది. ఆయన అరిచి లేపబోయి ఆగాడు. దీపం ఆకుపచ్చ అయ్యాక, ఆమె తల కదలకుండా, బండిని మెల్లగా కదిలించాడు.