ఆ పేరుగలోళ్ళు ఈడ లేరు

తప్పు నాదే. దాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దను.

మన నేతపనివాళ్ళు వలసొచ్చి బతికే లింబాయత్‌లో మగ్గాల సమ్మె నడిచిన ఏడాది సంఘం తరఫున గల్లీ గల్లీ తిరిగి నేనే నేర్పాను. పోలీసు వచ్చి ఎవరి పేరు అడిగినా "ఆ పేరుగలోళ్ళు ఈడ లేరు" అనండి, అంతే. అందరికంటే ముందు నేర్చుకున్నది గంగవ్వ. అంతకు ముందు నెలలో, పోలీసు అడగ్గానే కొడుకు సురేశ్‌ను చూపించిన మనిషి ఆమె. ఠాణా నుంచి వచ్చాక వాడి కుడిచెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

ప్రవల్లికది ఆమె పక్కగది. చీరలకు రాళ్ళు అతికించే పని. తల్లి పోయినప్పటి నుంచి గంగవ్వే అన్నం పెడుతోంది. సమ్మె అయిన కొన్నేళ్ళకు ఈ పిల్లను మా సంఘం ప్రపంచ యువజన శాంతి మహాసభకు ఎంపిక చేసింది. నూరు దేశాల పిల్లలు వచ్చే సభలో నాలుగు నిమిషాలు ఆమెవి.

"ఏం మాట్లాడ్తవే?" అన్నాను.

"బాంబులు పడ్డ ఊళ్ళ పిల్లలకు మా గల్లీ సంగతి చెప్త అన్నా. మీకు మేమున్నమని చెప్త."

పాస్‌పోర్టుకు అర్జీ పెట్టాం. విచారణకు పోలీసు ఇంటికొస్తాడని నాకు తెలుసు. గంగవ్వకు చెప్పాలని తోచలేదు.

సభకు ఇంకా పదకొండు రోజులుందనగా పాస్‌పోర్టు ఆఫీసుకు పోయాం. ఈ అడ్రసులో ఈ మనిషి లేదని పోలీసు రిపోర్టు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలన్నారు. అప్పటికి సభ అయిపోతుంది.

వచ్చి గంగవ్వను అడిగాం. ముసలిది నవ్వింది.

"రెండుసార్లొచ్చిండ్రు బిడ్డా. ఫొటో సుత చూపెట్టిండ్రు. కండ్లు కానరావు సాబ్ అన్న. పక్కోళ్ళకు గూడ చెప్పిపెట్టిన, ఒక్కరు నోరిప్పలే."

"నాకెందుకు చెప్పలే అవ్వా?" అంది ప్రవల్లిక.

"బుగులు పడ్తవని."

ప్రవల్లిక నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, అసలు సంగతి చెప్పొద్దన్నట్టు. "మంచిగ చేసినవవ్వా," అంది.

గంగవ్వ సందూకలోంచి తెల్లగుడ్డ తీసింది. "ఆ పిల్లలకియ్యి. గల్లీ అంత పేర్లేసిండ్రు. మా సురేశు ఎడమ చేత్తోని రాసిండు."

పోలీసుకు ఒక్క పేరు చెప్పని గల్లీ. గుడ్డమీద ముప్పై ఏడు పేర్లు.

"సభ ఆగిపోయిందవ్వా," అంది ప్రవల్లిక.

"ఎందుకే?"

"యుద్ధాలు గదా."

"పాడుగాను! మళ్ళెప్పుడు పెడ్తరు?"

ప్రవల్లిక గుడ్డ మడతపెట్టింది. సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

గంగవ్వ ఆమెను దగ్గరికి తీసుకుంది. "ఏడుస్తవేందే పిచ్చిదానా? పోలీసోళ్ళు మళ్ళొస్తరనా? రానీ. నేనున్న గదా."