ఒక్క దరువు ఆలస్యం

మా ఆయన కృష్ణకుమార్ బేసు గిటారు ముట్టుకుంటే ముందు దాన్ని కళ్ళకద్దుకోవాల. ఇన్సేన్ రైలు కార్కానాలో పానా పట్టినా అంతే. వాళ్ళ తాత గంజాం నించి మద్దెలతో పాటు తెచ్చిన అలవాటు. స్టేజీ మీద సోల్, ఫంక్ అనీ అమెరికా పాటలు వాయించీ మనిషి అలా దండం పెడితే రంగూన్ కుర్రకారు నవ్వీవోరు. నాకు తల కొట్టేసినట్టుండీది. "గుడికొచ్చినావేటి?" అని కసిరీదాన్ని. ఆయన నవ్వీసి ఊరుకునీవోడు.

ఎనభై ఎనిమిదిలో మా క్యాసెట్టు మొదలెట్టినాం. ఎనిమిది పాటలు. పాడీది నాను, డ్రమ్ములు మా తమ్ముడు యర్రయ్య. సంచౌంగ్ పేటలో ఊ టిన్ మౌంగ్ అనీ పెద్దాయన ఇంటెనకాల రేకుల గదే మా స్టూడియో. మిలిటరీవోళ్ళు దేశం తలుపులు మూసీసి ఇరవయ్యారేళ్ళు. ఓడలోళ్ళు దాచి తెచ్చిన రికార్డులు ఇనీ ఇనీ నేర్చుకున్నాం ఆ వాయింపు. రికార్డు చేసీ పెద్ద టేపు చుట్ట ఒక్కటే ఉంది. ఇంకోటి కావాలంటే ఏ దేవుణ్ణి అడగాల? తప్పొస్తే చెరిపీసి దాని మీదే మళ్ళీ వాయించడం.

ముందు బేసూ డ్రమ్మూ టేపుకెక్కాల, తరవాత వాటి మీద నా గొంతు. ఏడు పాటలయిపోనాయి. ఎనిమిదో పాటలో నడుమ అంతా ఒక్కసారి ఆగిపోవాల, మళ్ళీ కలిసి అందుకోవాల. ఆగినారు. యర్రయ్య అందుకున్నాడు. మా ఆయన పాట కొత్తగా మొదలెడతన్నాననుకున్నాడేటో, తీగలు ముట్టి కళ్ళకద్దుకుని, ఒక్క దరువు ఆలస్యంగా దిగినాడు.

"నీ బక్తి తగలెయ్య" అన్నాను. నా నోరలాంటిది. రేపు మళ్ళీ వాయిస్తానన్నాడు.

ఆ రేపు రానేదు. పొద్దున కార్కానావోళ్ళంతా సర్కారు మీద ఊరేగింపులో నడిచినారు, మా ఆయనా నడిచినాడు. మిలిటరీవోళ్ళు లారీల్లో ఎక్కించుకుపోనారు. నెల్లాళ్ళు జైలు గేటు చుట్టూ తిరిగినాను. ఉన్నాడో నేడో సెప్పీ నాథుడు నేడు.

సెప్టెంబరులో కాల్పులకి వీదులన్నీ కాళీ అయిపోనాక ఊ టిన్ మౌంగ్ కబురెట్టినాడు. స్టూడియో మూసీసి మాండలే ఎల్పోతాడంట, ఆ ఒక్క పాటా ఈరోజే ముగించాలంట. ఎల్లేసరికి ఇంకో బేసు మనిషి కూచునున్నాడు.

"అమ్మాయీ, పాతది చెరిపేద్దాం. ఇతను వాయిస్తాడు" అన్నాడు పెద్దాయన.

మిగతా ఏడు పాటల్లోనూ ఆయన వాయింపుంది, నిజమే. వాటిలో ఎవడో గొప్ప వాయిద్యగాడున్నాడు. ఈ పాటలోనే మా ఆయనున్నాడు.

"చెరపొద్దు" అన్నాను.

"జనం నవ్వుతారు."

"జనం నవ్వకుండా నాను పాడతాను. ఒక్కసారే. కుదరకపోతే నీ ఇష్టం."

యర్రయ్య నా మొకంకేసి చూసి, టేపు తిప్పమని సైగ చేసినాడు. నాను తప్పితే ఆయన్ని నా చేత్తో చెరిపినట్టే. పాట నడుమకొచ్చింది, అంతా ఆగింది. డ్రమ్ము అందుకుంది. నాను అందుకోనేదు. ఆయన తలొంచి ఉంటాడిప్పుడు, నాకు తెలుసు. ఊపిరి బిగబట్టి కాసుకున్నాను. ఆయన తీగ మోగింది. అప్పుడు ఆయనతోనే నా గొంతు ఇప్పినాను.

పాటయిపోయింది. ఆ బేసు మనిషి గిటారు సంచీలో పెట్టీసుకుని, "దీన్ని ముట్టుకోకండి" అని ఎల్పోనాడు.

పబేడాన్ బజారు కొట్లలో ఆ క్యాసెట్టు తెగ అమ్ముడుపోయింది. మిగతా బేండులోళ్ళు కూడా ఆ చోట కావాలనే ఆలస్యంగా వాయించడం మొదలెట్టినారు. నాకు నవ్వొచ్చీది, ఏడుపూ వొచ్చీది.

మూడేళ్ళకి మా ఆయన జైలు నించి ఇంటికొచ్చినాడు. పుల్లలా అయిపోనాడు. అన్నం పెట్టి, క్యాసెట్టేసినాను. ఆ చోటుకొచ్చేసరికి ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆ తప్పు అలాగే ఉంచీసినావేటే?" అన్నాడు.

"నువ్వు రానేదు. నువ్వొచ్చీదాకా నాను పాడనేదు, అంతే" అన్నాను.

ఆయన కంచం పక్కకి జరిపీసి నా పక్కనొచ్చి కూచున్నాడు. మిగతా పాట ఇద్దరం ఇన్నాం.