గోలేటిలో రెండో కాపీ

పప్పులో ఉప్పు ఎక్కువైందని భర్త జాన్ ప్రసాద్ అన్నప్పుడు లిడియా మనసు పప్పు మీద లేదు. గోదావరి దాటి ఎంతో దూరాన, గోలేటిలో, ఇంకా తాళం కూడా తీయని ఓ గదిలో ఉంది. అతనికి మొదటి షిఫ్టు. క్యారేజీ మూత బిగించి, అత్త ఐలవ్వకు చాయ్ ఇచ్చి, కూతురు శాలినికి జడ వేసి, తను సెంటినరీ కాలనీ గేటు దగ్గర బస్సు అందుకోవాలి. "నీదేమున్నదే, పొద్దుమీకేదాక ఏసీల కూసొని వస్తవ్. బొగ్గుబాయిల చెమటలు కార్చేది మేము" అని నవ్వుతూ బండి స్టార్టు చేశాడు. పదిహేనేళ్లుగా అదే మాట. మొదట్లో జవాబు చెప్పేది. ఇప్పుడు ఆ ఊపిరిని బస్సు వెనక పరుగెత్తడానికి దాచుకుంటోంది.

గోదావరిఖనిలో, కంపెనీ ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో ఆమె ఉద్యోగం. బాయి దిగే ప్రతి మనిషి హాజరు, జీతం, పీఎఫ్, అతని తర్వాత పెన్షన్ ఎవరికి చెందాలన్న పేరు, అన్నీ అక్కడి డేటాబేస్‌లోనే ఉంటాయి. రెండేళ్ల కింద ఓ డిస్కు కాలిపోయి పన్నెండు రోజుల హాజరు గాల్లో కలిసింది. రిజిస్టర్లు ముందేసుకుని అంతా మళ్లీ ఎక్కించింది లిడియానే. ఆ నెలలో ఒక్క ఆదివారమూ చర్చికి వెళ్లలేదు. అప్పటి నుంచీ ఒకటే పట్టు పట్టింది. ఇక్కడ జరిగే ప్రతి మార్పూ వెంటనే ఇంకో డేటాబేస్‌లోనూ జరిగిపోవాలి. ఇది పడిపోయిన రోజు అది లేచి నిలబడాలి. దాన్నే స్టాండ్‌బై అంటారు. ఏడాదిన్నర పాటు నోట్ల మీద నోట్లు రాసింది. కింద సంతకాలు మాత్రం వేరేవాళ్లవి. అదీ అలవాటైపోయింది.

చివరికి పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో డేటా దాచే స్టోరేజీలు రెండు దిగాయి. ఒక్కోదాంట్లో ఇరవై నాలుగు డిస్కులు. సెక్షన్ హెడ్ సూర్యప్రకాశరావు కొబ్బరికాయ కొట్టించి, "రెండూ పక్కపక్క గదుల్లో పెట్టేద్దాం. ఒకే ఏసీ, ఒకే జనరేటరు, మనకీ సుళువు" అన్నారు. మీటింగులో అందరూ తలలూపారు. లిడియాకు చాయ్ ట్రే చూపించారు; ఆడమనిషి ఆమె ఒక్కతే మరి. గ్లాసులు అందిస్తూనే అడిగింది.

"సార్, బాయికి రెండు తొవ్వలు ఎందుకుంటయి?"

గదిలో సగం మంది మైనింగ్ చదివినవాళ్లే. "ఒకటి మూసుకుపోతే ఇంకోదాంట్ల బయటపడేటందుకు" అన్నాడొకాయన.

"మరి రెండూ ఒక్కకాన్నే తవ్వుతరా సార్? పైకప్పు కూలితే రెండూ పోతయి. మా నాయిన యేసుదానం ముప్పై ఏండ్లు పైకప్పు కింద దుంగలు నిలబెట్టిండు. మా ఇంట్ల చిన్నపిల్లకు గూడ తెల్సు ఇది. ఈ బిల్డింగు కాలితే రెండు గదులూ కాలుతయి గదా!"

సూర్యప్రకాశరావు గ్లాసు కింద పెట్టి, "అయితే రెండోది గోలేటి పంపిద్దాం" అన్నారు.

గోలేటిలో దాన్ని నిలబెట్టాలి, ఇక్కడి డేటా అంతా అక్కడికి చేర్చాలి, చివరిరోజు ఇక్కడి మెయిన్ డేటాబేస్ ఆపేసి అక్కడి నుంచి కంపెనీని నడిపించి చూడాలి. అలా నడిచేదాకా అది ఉత్త ఇనప్పెట్టె. పదిహేను రోజుల పని, గెస్టుహౌజులో ఉండాలి. ఆ చివరిరోజు తన చేతుల మీదుగా జరగాలని లిడియా ఆశ. జీవితంలో ఒక్కదాన్నయినా ఇది నేను చేశాను అని చెప్పుకోవాలని, నలభై ఏళ్లు వచ్చాక పుట్టిన ఆశ.

నిన్న సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఇంట్లో అడిగింది. "పదిహేను రోజులు గోలేటి పోవాలె, పోదునా?" జాన్ ప్రసాద్ మజ్జిగ పోయమన్నాడు. ఐలవ్వే అందుకుంది. "ఆడిదానివి, గెస్టుహౌజులల్ల పండుడేందే? నలుగురు ఏమనుకుంటరు?" అతను అవుననలేదు, కాదనలేదు. ఏమీ అనకపోవడమంటే ఒప్పుకోవడమే అనుకుంది, పిచ్చిది.

ఇవాళ ఆఫీసులో అడుగుపెట్టగానే సూర్యప్రకాశరావు పిలిచారు. టేబుల్ మీద గోలేటి టూర్ ఆర్డరు ఉంది. అందులో పేరు విష్ణువర్ధన్‌ది. పోయినేడు చేరాడు, పని నేర్పింది లిడియానే.

"మీవారు పొద్దున్నే ఫోన్ చేశారమ్మా, మీకు కుదరదన్నారు. నేనూ అదే అనుకున్నాను. సంసారం ఉన్నవారు, మీకెందుకీ తిప్పలు?" అన్నారాయన, ఏదో వరం ఇస్తున్నట్టు.

బాయి దిగే ముందు ఫోన్ చేశాడన్నమాట. పప్పులో ఉప్పు సంగతి చెప్పిన నోటికి ఈ సంగతి చెప్పడానికి తీరిక లేకపోయింది. ఆఫీసర్ల పరీక్ష రాస్తానన్నప్పుడు కూడా ఇలాగే, "పిల్ల జర పెద్దగయినంక రాయరాదు" అన్నాడు. పిల్ల పెద్దదయ్యాక, "గిప్పుడు ఎందుకే నీకు?" అన్నాడు. లిడియా కోపం మాటగా మారేలోపే దాని వెనకే భయం వచ్చింది. తను వెళితే పొయ్యి శాలిని నెత్తిన పడుతుంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఐలవ్వ క్షణం ఆలోచించకుండా గరిటె దాని చేతికిస్తుంది. ఆ తలంపు లిడియాను అక్కడే కట్టేసినంత పని చేసింది. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చి నవ్వాగలేదు. పోయినేడు తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటా వార్పు జరిగిన రోజు జాన్ ప్రసాద్ రెండు వందల మందికి అన్నం, పప్పు వండాడు. గరిటె పట్టుకున్న ఫొటో పేపర్లో పడితే కత్తిరించి ఫ్రేము కట్టించాడు. రాష్ట్రం కోసం రెండు వందల మందికి వండినవాడు పెళ్లాం కోసం పదిహేను రోజులు ముగ్గురికి వండలేడా? ఎందుకు వండలేడు, వండుతాడు. శాలిని మాత్రం పుస్తకం ముందు నుంచి లేవదు.

"సార్, ఆ ఆర్డరు నా పేరు మీద ఇయ్యండి. విష్ణువర్ధన్ ఇక్కడ మెయిన్ చూస్కుంటడు. చివరిరోజు ఆపుమని గోలేటి నుంచి నేను ఫోన్ చేస్త."

ఆయన కళ్లజోడు తీశారు. "మీవారు కుదరదన్నారు కదమ్మా?"

"ఆయనకు కుదరదేమో సార్. నాకు కుదురుతది."

ఆయన చెడ్డమనిషేం కాదు. అడక్కుండానే ఆడవాళ్ల మంచి చూసే రకం, అంతే. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి విష్ణువర్ధన్ పేరు కొట్టేసి పైన లిడియా పేరు రాశారు. సంతకం దగ్గర మళ్లీ ఆగారు.

"ఎందుకైనా మంచిది, ఇంట్లో ఓసారి అడిగి రండమ్మా. రేపు మాట నా మీదకు రాకూడదు."

"సంతకం పెట్టండి సార్," అంది లిడియా. "అడుగుడు నిన్ననే అయిపోయింది. ఇయ్యాల చెప్త."